గాలిలో అరగంట, నేలమీద అసలు లెక్క: పాలమూరు, నల్లగొండలకు చిన్న హెలికాప్టర్ ఎంత మేలు?

హైదరాబాద్ బేగంపేట నుంచి మహబూబ్‌నగర్‌కు ఆకాశమార్గంలో సుమారు 93 కిలోమీటర్లు. నల్లగొండకు 96. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న హెలికాప్టర్ ఈ రెండు ఊళ్లనూ 28, 29 నిమిషాల్లో చేరుతుంది. రోడ్డు మీద ఇదే ప్రయాణం రెండు గంటల పని. ఈ రెండు అంకెలు మాత్రమే పక్కపక్కన పెడితే హెలికాప్టర్ గొప్పగా కనిపిస్తుంది. బరువు, ఎండ, వెల, వాతావరణం కూడా లెక్కలోకి తెస్తే చిత్రం మారిపోతుంది.

రెండు పాత జిల్లాల్లోనూ ఈరోజుకు ప్రయాణికుల విమానాశ్రయం లేదు. మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ దగ్గర ఒకటి కట్టాలన్న ప్రతిపాదన కాగితాల మీద ఉంది. నాగార్జునసాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్ పైలట్ల శిక్షణకు పనికొస్తోంది. కాబట్టి ఇక్కడి జనానికి ఆకాశయానం అంటే ముందుగా గుర్తొచ్చేది ఎన్నికల సభకు దిగే హెలికాప్టరే. ఆ యంత్రం ఎలా పుట్టింది, ఎంత మోస్తుంది, ఎంత ఖర్చు తెస్తుంది, ఈ మెట్ట ప్రాంతానికి నిజంగా ఏ పనికొస్తుంది అన్నది అంకెలతోనే చూద్దాం.

చిన్నదే కావాలన్న పట్టుదల

పౌరుల వాడకానికి ప్రపంచంలో తొలిసారి ధ్రువీకరణ పొందిన హెలికాప్టర్ బెల్-47. అది 1946 మార్చి 8న అమెరికాలో జరిగింది. ఆ తర్వాత పాతికేళ్లపాటు హెలికాప్టర్ అంటే సైన్యానికి, పెద్ద సంస్థలకు సంబంధించిన వస్తువుగానే మిగిలింది. ఒక మామూలు వ్యాపారి, ఒక రైతు కొనుక్కోగల హెలికాప్టర్ కావాలని పట్టుబట్టిన ఇంజనీరు ఫ్రాంక్ రాబిన్సన్. సెస్నా, కమాన్, బెల్, హ్యూస్ వంటి కంపెనీల్లో పనిచేసినా చిన్న హెలికాప్టర్ ఆలోచనకు ఎక్కడా ఆదరణ దొరకలేదు. 1973లో, 43 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని తన ఇంట్లోనే సొంత కంపెనీ మొదలుపెట్టాడు.

రెండు సీట్ల ఆర్-22 మొదటిసారి 1975 ఆగస్టు 28న ఎగిరింది. ప్రభుత్వ ధ్రువీకరణ 1979 మార్చిలో వచ్చింది. ఎగిరిన రోజుకూ అమ్మకానికి అనుమతి దొరికిన రోజుకూ మధ్య మూడున్నరేళ్లు పట్టాయి. గాలిలోకి లేపడం ఒక ఎత్తు, వేల గంటలు భద్రంగా ఎగురుతుందని రుజువు చేయడం మరో ఎత్తు. నాలుగు సీట్ల ఆర్-44కు 1992 డిసెంబర్‌లో, అయిదు సీట్ల టర్బైన్ ఆర్-66కు 2010లో ధ్రువీకరణ లభించింది. రాబిన్సన్ 2022 నవంబర్‌లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన కంపెనీ నుంచి ఇప్పటికి 13 వేలకు పైగా హెలికాప్టర్లు బయటికొచ్చాయి.

మన దగ్గరా హెలికాప్టర్ పరిశ్రమ ఉంది. రంగారెడ్డి జిల్లా ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి 2018లో ప్రారంభించిన కర్మాగారం అపాచీ యుద్ధ హెలికాప్టర్ల దేహాలను తయారుచేస్తోంది. తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా వేమగల్‌లో టాటా, ఎయిర్‌బస్ కలిసి హెచ్-125 అనే తేలికపాటి హెలికాప్టర్ల కూర్పు కేంద్రం పెట్టాయి. రాబిన్సన్ తరహా చిన్న యంత్రం కావాలంటే మాత్రం ఇప్పటికీ దిగుమతే దారి.

బరువుల పద్దు

ఆర్-44 ఖాళీ బరువు సుమారు 683 కిలోలు. మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి 1,134 కిలోలు దాటకూడదు. అంటే మోయగలిగేది దాదాపు 450 కిలోలు. ట్యాంకులు నింపితే సుమారు 175 లీటర్ల పెట్రోలు పడుతుంది, దాని బరువే 126 కిలోలు. మిగిలేది 325 కిలోల లోపు. పైలట్‌తో కలిపి నలుగురు ఎక్కితే మనిషికి 81 కిలోలు వస్తాయి. సంచి, బ్యాగు ఏదున్నా అందులోనే సర్దుకోవాలి.

దీని రోటర్ వ్యాసం 10 మీటర్లు. తిరిగేటప్పుడు గాలిలో 79 చదరపు మీటర్ల వలయం ఏర్పడుతుంది. యంత్రం మొత్తం బరువును ఆ వలయం మీద పంచితే చదరపు మీటరుకు 14 కిలోలు. అంత బరువును గాలిలో నిలపడానికి రోటర్ ఎడతెగకుండా గాలిని కిందికి నెట్టాలి. అందుకే నిలకడగా ఒకచోట గాలిలో ఆగడం, ముందుకు సాగడం కంటే ఎక్కువ శక్తిని తింటుంది. ఇంజన్ అసలు సామర్థ్యం 300 హార్స్‌పవర్. వాడనిచ్చేది పైకి లేచేటప్పుడు అయిదు నిమిషాలపాటు 245, ఆ తర్వాత 205 మాత్రమే. ఇలా తగ్గించి వాడటం వల్ల ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుంది. పలుచని గాలిలో శక్తి పడిపోయినా కొంత నిల్వ మిగులుతుంది.

పాలమూరు ఎండలో

ఆ నిల్వ అవసరం ఇక్కడ బాగా తెలుస్తుంది. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ ఇక్కడ కొత్త కాదు. ఆ ఎత్తులో, ఆ వేడిలో ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.055 కిలోలు. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణంలో అది 1.225 కిలోలు. అంటే గాలి 14 శాతం పలుచబడింది. నేలమీద ఉన్నప్పటికీ యంత్రానికి అది 1,500 మీటర్ల ఎత్తున ఎగురుతున్న పరిస్థితి. రోటర్‌కు పట్టు తగ్గుతుంది, పెట్రోలు ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది.

ఇంధనం తగ్గించుకోవడం పైలట్ చేతిలో ఉన్న ఉపాయం. మహబూబ్‌నగర్‌కు పోయి రావడానికి సుమారు 54 లీటర్లు చాలు. అరగంట అదనపు నిల్వ కలిపి 85 లీటర్లు పోసుకుంటే బరువు 61 కిలోలే. నిండు ట్యాంకుతో పోలిస్తే 65 కిలోలు, దాదాపు ఒక మనిషి బరువు తగ్గినట్టు. అది చాలకపోతే ఒక ప్రయాణికుణ్ణి దించాల్సిందే. ఎంత పెద్దవారు చెప్పినా ఈ లెక్క మారదు.

దిగే చోటుకూ లెక్కలున్నాయి. హెలికాప్టర్ మొత్తం పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల జాగా ఖాళీగా ఉండాలన్నది సాధారణ కొలత. 11.7 మీటర్ల ఆర్-44కు అది 17.5 మీటర్లు అవుతుంది. చుట్టూ చెట్లు, గుట్టలు, తీగలు లేని దారి దీనికి అదనం. ఎర్రమట్టి చెలకల్లో దుమ్ము లేస్తే పైలట్‌కు నేల కనిపించదు. సభలకు ముందు ట్యాంకర్లతో నీళ్లు చల్లేది అందుకే. బండరాళ్ల గుట్టల మధ్య సాగర్, శ్రీశైలం, దామరచర్ల నుంచి వచ్చే హైటెన్షన్ తీగలు దూరానికి కనిపించవు. తక్కువ ఎత్తున ఎగిరే యంత్రానికి వీటిని మించిన ఆపద లేదు.

వెల, పన్ను, నిరీక్షణ

కొత్త ఆర్-44 వెల అమెరికాలోనే అయిదు లక్షల డాలర్లకు పైమాట. డాలరు 85 రూపాయలనుకుంటే నాలుగుంపావు కోట్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత వాడకపు హెలికాప్టర్ల మీద జీఎస్టీ 40 శాతం. అదొక్కటే కోటీ 70 లక్షలు. కస్టమ్స్ సుంకం, రవాణా కాకుండానే ఆరు కోట్ల దరిదాపుకు చేరింది. సొంత వాడకానికి కానివాటి మీద పన్ను 5 శాతమే. ఆ తేడాతో పాటు ఒక షరతు ఉంది. ప్రైవేటు కేటగిరీలో నమోదైన హెలికాప్టర్‌లో కిరాయి తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. కిరాయికి తిప్పాలంటే డీజీసీఏ నుంచి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ తీసుకోవాలి.

ఇక నిర్వహణ. ఏళ్ల తరబడి ఆర్-44కు అమలైన నియమం ప్రకారం 2,200 గంటలు ఎగిరాకో, 12 ఏళ్లు నిండాకో, ఏది ముందొస్తే అప్పుడు యంత్రాన్ని పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలి. షెడ్డులో నిలబెట్టినా వయసు ఆగదు. ఏడాదికి 100 గంటలు ఎగిరే యజమాని 12 ఏళ్లలో వాడేది 1,200 గంటలు. ఆరు కోట్లను ఆ గంటలకు పంచితే గంటకు 50 వేలు. తిరిగి అమ్మితే వచ్చే సొమ్మును పక్కనపెడితే ఇది యంత్రం వెల మాత్రమే. పైలట్ జీతం, ఇంజనీరు, బీమా, షెడ్డు, ఇంధనం వేరు. ఆర్-44 తాగేది ఏవీగ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలు. ఇండియన్ ఆయిల్ దాన్ని వడోదరలో తయారుచేయడం మొదలుపెట్టిన 2022 దాకా దేశం దిగుమతుల మీదే ఆధారపడింది.

ఇప్పుడు ఆదా అయ్యే సమయం చూద్దాం. ఎగరడం 28 నిమిషాలు. ఎగరక ముందు తనిఖీ, ఇంజన్ వేడెక్కడం, అనుమతి కోసం ఆగడం, రెండు కొసల్లో కారు ప్రయాణం కలిపి మరో ముప్పావు గంట అనుకుందాం. మొత్తం గంటాపావు. రెండు గంటల రోడ్డు మీద ఆదా ముప్పావు గంటే. ఇంధనం మాత్రం ఒకవైపుకే 27 లీటర్లు. మామూలు కారుకు ఆ దూరానికి ఏడు లీటర్లు చాలు. మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల వరకు చూస్తే సొంత హెలికాప్టర్ లెక్క గిట్టదు.

శ్రీశైలం ఎగువన దోమలపెంట దాకా పోవాలంటే ఫలితం వేరు. ఆకాశంలో 160 కిలోమీటర్ల లోపు, 48 నిమిషాలు. రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు, చివర్లో నల్లమల ఘాటు. అక్కడ ఆదా గంటల్లో ఉంటుంది. దూరం పెరిగి, దారి కష్టమైన కొద్దీ హెలికాప్టర్‌కు అర్థం పెరుగుతుంది.

తొందరకు కట్టిన మూల్యం

తెలుగువారు హెలికాప్టర్ ప్రమాదాల్లో ఇద్దరు ముఖ్య నాయకుల్ని పోగొట్టుకున్నారు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ వస్తుండగా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక దగ్గర బెల్-206 చేపల చెరువులో కూలింది. ముగ్గురు చనిపోయారు. అది ఒకే ఇంజన్ ఉన్న తేలికపాటి హెలికాప్టర్. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయం 8:38కి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ కూలి, అందులోని అయిదుగురూ ప్రాణాలు కోల్పోయారు. అది రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్న బెల్-430. ముసురు పట్టిన వాతావరణం, ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీదే పైలట్ల ధ్యాస నిలిచిపోవడం విచారణలో తేలాయి.

ఒకటి చిన్న యంత్రం, ఒకటి పెద్దది. రెండు సందర్భాల్లోనూ వాతావరణం బాగాలేదు. రెండో ఇంజన్ ఉన్నంత మాత్రాన మబ్బుల్లో గుట్ట కనిపించదు.

చిన్న హెలికాప్టర్లకు సొంత బలహీనతలూ ఉన్నాయి. ఆర్-22 రోటర్ తేలిక. ఇంజన్ ఆగితే రోటర్ వేగం క్షణాల్లో పడిపోతుంది. ఒకటి రెండు సెకన్లలో రెక్కల కోణాన్ని మార్చే కలెక్టివ్ లివర్‌ను పైలట్ దించి, కిందినుంచి వచ్చే గాలితో రోటర్ తిరిగేలా చేయాలి. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. వరుస ప్రమాదాల తర్వాత 1995లో అమెరికా ఆర్-22, ఆర్-44 పైలట్లకు ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసింది. యంత్రం మారకముందే శిక్షణ మార్చాల్సి వచ్చింది.

పాలమూరు చూసిన మంచి ఉదాహరణ ఒకటుంది. 2023 నవంబర్ 6న దేవరకద్ర సభకు బయలుదేరిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు హెలికాప్టర్‌లో సాంకేతిక లోపం కనిపించింది. పైలట్ వెంటనే వెనక్కి తిప్పి ఎర్రవల్లిలో క్షేమంగా దించాడు. సభ ఎంత పెద్దదైనా వెనక్కి తిరగగలగడమే ఈ వృత్తిలో అసలైన నైపుణ్యం.

రోడ్డు చేయలేని పని

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలింది. లోపల దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర ఎనిమిది మంది చిక్కుకున్నారు. నెల దాటినా ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. ఈ సొరంగం మొత్తం పొడవు 43.93 కిలోమీటర్లు, ఇంకా తవ్వాల్సింది తొమ్మిదిన్నర కిలోమీటర్ల దాకా ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెలకు తాగునీరు, మూడు లక్షల ఎకరాలకు పైగా సాగునీరు దీని మీద ఆధారపడ్డాయి.

మిగిలిన దారిలో పైనున్న రాయి ఎలా ఉంది, ఎక్కడ పగుళ్లున్నాయి, ఎక్కడ నీళ్లున్నాయి? పైన 2,600 చదరపు కిలోమీటర్లకు మించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందులో చెట్లు కొట్టి బోర్లు వేసుకుంటూ పోవడం కుదరదు. ఇక్కడే హెలికాప్టర్ అవసరమైంది. 2025 నవంబర్ 3న అచ్చంపేట మండలం మన్నెవారిపల్లి దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు హెలికాప్టర్ సర్వే మొదలుపెట్టారు.

పద్ధతి ఇది. హెలికాప్టర్ కింద తాళ్లతో 24 మీటర్ల వ్యాసమున్న పెద్ద తీగ చుట్ట వేలాడుతుంది. అందులోకి విద్యుత్తును పంపి ఠక్కున ఆపేస్తారు. ఆగిన క్షణంలో భూమిలోపల చిన్న ప్రవాహాలు పుట్టి, మెల్లగా చల్లారతాయి. మధ్యలో ఉన్న గ్రాహకం ఆ చల్లారే తీరును కొలుస్తుంది. గట్టి రాయిలో అవి త్వరగా అణగిపోతాయి. నీరు, మట్టి నిండిన పగుళ్లలో ఎక్కువసేపు నిలుస్తాయి. సంతలో కుండను వేలితో కొట్టి, మోతను బట్టి పగులు పట్టడం లాంటిదే ఈ పని. 800 నుంచి 1,000 మీటర్ల లోతు దాకా ఈ మోత వినవచ్చు. ఒక్క చెట్టూ కొట్టకుండా, ఒక్క బోరూ వేయకుండా కొండ లోపలి బొమ్మ దొరుకుతుంది.

ఇలాంటి పనులకు ప్రపంచంలో ఎక్కువగా కనిపించేది హెచ్-125 కుటుంబం. ఒకే ఇంజన్, ఆరు సీట్లు, కొక్కేనికి 1,400 కిలోల దాకా వేలాడదీసే బలం దానికున్నాయి. 2005 మే 14న ఎవరెస్ట్ శిఖరం మీద వాలింది ఈ కుటుంబపు యంత్రమే. తేలికపాటి హెలికాప్టర్ అంటే ధనికుల వాహనం మాత్రమే అనుకునేవారు ఈ పనిని చూడాలి.

సర్వే అంటే ఈ ప్రాంతంలో భయమూ ఉంది. లంబాపూర్, పెద్దగట్టు, చిట్రియాల్‌లో యురేనియం నిల్వల కోసం అణు ఖనిజాల విభాగం చాలా ఏళ్లు అన్వేషించింది. నల్లమలలో ఆందోళన రేగాక 2019 సెప్టెంబర్ 16న శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తల మీద హెలికాప్టర్ తిరిగితే ఎందుకు తిరుగుతోందో అడిగే హక్కు చెంచు పెంటలకు ఉంది. ఎందుకొచ్చారో, ఏం కొలిచారో తెలుగులో, పల్లెలోనే చెప్పాలి.

ఆపదలో ఎంత నమ్మవచ్చు

2009 అక్టోబర్ వరదల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు మించి నీళ్లొచ్చాయి. తుంగభద్ర, కృష్ణ మధ్యనున్న అలంపురం ప్రాంతం మునిగింది. హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. అవి వైమానిక దళానివి. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నప్పుడు వాతావరణం అనుకూలించక హెలికాప్టర్ రాలేదు. చివరికి జేసీబీతో సాహసించిన ఒక డ్రైవర్ వాళ్లను ఒడ్డుకు చేర్చాడు. వాన తగ్గాక హెలికాప్టర్ గొప్ప సాయం. కురుస్తున్నప్పుడు పడవ, తాడు, జేసీబీ సిద్ధంగా ఉండాల్సిందే.

రోగుల విషయం తీసుకుంటే జాతీయ రహదారి 65 మీది కోదాడ ఆకాశంలో 167 కిలోమీటర్ల దూరం. గంటకు 240 కిలోమీటర్ల హెలికాప్టర్‌కు 42 నిమిషాలు. అయితే అది హైదరాబాద్ నుంచి వచ్చి మళ్లీ పోవాలి, అంటే 84 నిమిషాలు. మూడు గంటల అంబులెన్స్ దారి మీద లాభమే, కానీ సూర్యాపేటలో మంచి ట్రామా కేంద్రం ఉంటే అంతకంటే ఎక్కువ లాభం. అమ్రాబాద్ సంగతి వేరు. 150 కిలోమీటర్లు పైబడిన రోడ్డుకు బదులు 125 కిలోమీటర్లు, ఒకవైపుకు అరగంట, రానూపోనూ గంట. పాము కాటు, కాన్పు కష్టం, తలకు దెబ్బ వంటి వేళల్లో అలా మిగిలే సమయానికి విలువ కట్టలేం. రక్తం, మందులు మాత్రమే పంపాలంటే హెలికాప్టరే అక్కర్లేదు. 2024 అక్టోబర్ 29న దేశంలో డ్రోన్ సేవలు ప్రారంభమైన 11 వైద్య సంస్థల్లో మన బీబీనగర్ ఎయిమ్స్ ఒకటి.

తీర్పు

అంకెలన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి. జిల్లా కేంద్రాల దాకా తిరగడానికి సొంత హెలికాప్టర్ ముప్పావు గంటను కోట్లు పోసి కొనడమే. కొండను పరీక్షించడానికి, వరదలో చిక్కినవారిని చేరడానికి, నల్లమల రోగిని దించడానికి అదే యంత్రం ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. కాబట్టి నాయకుల రాక కోసం ఒక్కరోజుకు సిద్ధమై మాయమయ్యే హెలిప్యాడ్‌ల స్థానంలో అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ, హుజూర్‌నగర్ ఆసుపత్రుల పక్కన శాశ్వతమైనవి కట్టాలి. వాటి చుట్టూ ఉన్న తీగలు, గుట్టల పటం తయారుచేసి పైలట్లకు ఇవ్వాలి. ఎస్‌ఎల్‌బీసీ సర్వే ఫలితాలను తవ్వకం మళ్లీ మొదలవకముందే ప్రజల ముందు పెట్టాలి. ఈసారి మీ ఊళ్లో హెలికాప్టర్ దిగితే ఎవరొచ్చారని అడగడంతో ఆగకండి. మన ఆసుపత్రికి అది ఎప్పుడొస్తుందని మీ ప్రజాప్రతినిధిని అడగండి.